ఒకేలా కనిపించే రెండు పిట్టలు



శీతాకాలంలో కోల్‌కతా శివార్లలోని నరేంద్రపూర్ వెళ్ళండి. అక్కడి చింతామణి కర్ పక్షి సంరక్షణ కేంద్రంలో, పొదల మాటున "చక్... చక్" అనే శబ్దం వినిపిస్తుంది. ఓపికగా నిలబడితే గోధుమరంగు చిన్న పిట్ట కనిపిస్తుంది. దానిపేరు బ్లిత్ రీడ్ వార్బ్లర్. 1841 నుంచి 1862 వరకు కోల్‌కతాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లిత్, 1849లో ఈ జాతిని వర్ణించి శాస్త్రీయనామం పెట్టాడు. చలికాలంలో ఇది మన తెలుగునాట తోటల్లోకీ వస్తుంది.

దీనికి దగ్గరి బంధువు మరొకటి ఉంది. 1867లో ఎ.ఓ. హ్యూమ్ సట్లెజ్ లోయలో ఒక పిట్టను సేకరించాడు. 1885లో కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్న హ్యూమ్ ఈయనే. ఆ పిట్ట రంగు దాదాపు బ్లిత్ పిట్ట రంగే. అయితే ముక్కు, గోళ్ళు కొంచెం పొడవు. తేడా మిల్లీమీటర్లలోనే!

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఇది వేరే జాతా? లేక తెలిసిన జాతిలోనే కాస్త తేడాగా పుట్టిన ఒక పిట్టా? ఉన్నది ఒక్క నమూనా. ఒక్కదాన్ని చూసి ఎలా తేల్చగలం? అందుకే శతాబ్దానికి పైగా సందేహం తీరలేదు.

2002లో ఆ పాత నమూనా డి.ఎన్.ఎ.ను పరీక్షించి, అది ప్రత్యేక జాతి అని తేల్చారు. అదే లార్జ్ బిల్డ్ రీడ్ వార్బ్లర్. 2006 మార్చి 27న థాయిలాండ్‌లో ఒక పిట్ట వలలో చిక్కింది. దాని రెండు ఈకల డి.ఎన్.ఎ. హ్యూమ్ నమూనాతో సరిపోలింది. అంటే, ఆ జాతి బతికే ఉంది!

అప్పుడు శాస్త్రవేత్తలు మ్యూజియంల సొరుగులు మళ్ళీ తెరిచారు. మరో పది నమూనాలు దొరికాయి. వాటిలో చాలావాటికి బ్లిత్ పిట్ట అనే చీటీ కట్టి ఉంది! అంటే పిట్ట కంటి ముందే ఉంది, గుర్తించినవారే లేరు. 2009లో అఫ్ఘానిస్థాన్‌లోని బదక్షాన్‌లో అది గూళ్ళు కట్టుకునే ప్రాంతం తెలిసింది.

ఈ తేడా ఎందుకు ముఖ్యం? రెండింటినీ ఒకటే అనుకుంటే, ఒక జాతి తగ్గిపోతున్నా మనకు తెలియదు. తెలియనిదాన్ని కాపాడలేం కదా!

ఈసారి పిట్టను చూసినప్పుడు వెంటనే పేరు చెప్పేయకండి. ముక్కు, కాళ్ళు, అరుపు, తేదీ, స్థలం నోటుపుస్తకంలో రాయండి. నిశ్చయంగా తెలియకపోతే పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. అది అజ్ఞానం కాదు, విజ్ఞానానికి తొలిమెట్టు.