మక్కలు కోడికా, బండికా?

శామీర్‌పేట చెరువు కట్ట మీద నుంచి మాట్లాడుతున్నా. మొన్న మా ఇంట్లో పెద్ద లొల్లి. మామది మక్క చేను, చిన్నాయనది కోళ్ల ఫారం. ఒకరికి మక్కల రేటు పెరగాలి, ఇంకొకరికి తగ్గాలి. కోడి దాణాలో సగానికి పైగా మక్కలే మరి!

ఇప్పుడు ఇంకో గిరాకీ వచ్చింది, ఇథనాల్. 2018 జీవ ఇంధన విధానం మక్కలకు దారి తెరిచింది. 2025 కల్లా పెట్రోల్‌లో 20 శాతం కలిపే దాకా వచ్చినం.

లెక్క చూడండి. క్వింటా మక్కలకు సుమారు 38 లీటర్ల ఇథనాల్ వస్తుంది. 2024-25లో లీటరుకు ఆయిల్ కంపెనీల ధర 71.86 రూపాయలు ఉండె. అంటే దాదాపు 2,730. మిగిలిన పిప్పిని దాణాకు అమ్ముకుంటారు. కానీ ఫ్యాక్టరీ ఖర్చులన్నీ అందులోంచే పోవాలి. అందుకే వాళ్లు రైతుకు ఇచ్చే రేటుకు ఒక హద్దుంది.

2024లో మక్కల రేటు మండి చిన్నాయన తల పట్టుకున్నడు. 2025 వానాకాలంలో మద్దతు ధర 2,400 ఉన్నా మార్కెట్‌లో అంతకన్నా తక్కువే పలికింది. ఈసారి మామ వంతు!

ఫ్యాక్టరీ వస్తే చాలదు ఫ్రెండ్స్, కొనుగోలు కేంద్రం టైంకి తెరవాలి. మీ ఊళ్లో మక్కల రేటెంత? కామెంట్ పెట్టండి.