ఒకే మందు, మూడు తీర్పులు

(సుల్తాన్ బజార్‌లో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడుకునే ఈ వేదిక మీద సైకిల్ పందాల గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు ఒక్క నిమిషం ఆలోచించి, "పావుగంటలో ముగించాలి సుమా" అన్నారు. ఆ మాట మీదే నిలబడతాను.

ఈ విషయానికీ మనకూ రెండు సంబంధాలున్నాయి. మొదటిది ఉబ్బసం. ఇక్కడికి దగ్గరలోనే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మృగశిర కార్తె నాడు చేప ప్రసాదం కోసం ఎక్కడెక్కడి నుంచో ఉబ్బసం రోగులు వచ్చి బారులు తీరడం మనం ఏళ్ళ తరబడి చూస్తున్నాం. ఆ ప్రసాదం సంగతి అటుంచి, మనలో కొందరి జేబుల్లో అస్థాలిన్ పంపు ఉంటుంది. అందులోని మందు పేరు సాల్బుటమాల్. ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. ఈ మందే సైకిల్ పందాల్లో పెద్ద పెద్ద తగాదాలకు కారణమైంది. రెండవది విచారణ. ఛార్జి మెమో, సంజాయిషీ, ఎంక్వైరీ ఆఫీసరు, అప్పీలు అనే మాటలు మనకు కొత్తవి కావు. కనుక ఆటగాళ్ళ మీద జరిగే విచారణ న్యాయంగా ఉందా లేదా అని అడిగే అర్హత మనకు కొంచెం ఎక్కువే ఉన్నదనుకుంటాను.

ముందు నిబంధన చెబుతాను. సాల్బుటమాల్‌ను ఉబ్బసానికి పీల్చుకోవచ్చు. అయితే అదే మందును మాత్రల రూపంలోనో సూది రూపంలోనో ఎక్కువ మోతాదులో తీసుకుంటే కండ పెరగడానికి తోడ్పడవచ్చునన్న అనుమానం ఉంది. అందుకని ఒక హద్దు పెట్టారు. నేను చెప్పబోయే కేసుల్లో చివరిదాని నాటికి ఆ హద్దు 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, అంటే మన లెక్కలో 16 నొక్కులు. మూత్రంలో మిల్లీలీటరుకు 1000 నానోగ్రాములు దాటితే ఆటగాడు సంజాయిషీ చెప్పుకోవాలి. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు.

ఇప్పుడు ముగ్గురి కథ వినండి. ముగ్గురూ వృత్తిరీత్యా సైకిల్ పందాలు తొక్కేవారే. ముగ్గురిలోనూ దొరికింది ఈ మందే.

మొదటివాడు ఇటలీకి చెందిన అలెస్సాండ్రో పెటాచ్చి. 2007 మే నెలలో ఇటలీ దేశమంతా చుట్టివచ్చే జీరో పందెంలో అతని మూత్రంలో 1352 నానోగ్రాములు వచ్చింది. ఉబ్బసం ఉన్నట్టు, మందు వాడవచ్చునన్నట్టు అతని దగ్గర అనుమతి పత్రం ఉంది. వాళ్ళ దేశపు సైకిల్ సంఘం తప్పు లేదని వదిలిపెట్టింది. దాని మీద అప్పీలు వెళ్ళింది. స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2008 మేలో తీర్పు చెబుతూ, అతను మోసం చేసే ఉద్దేశంతో వాడలేదని ఒప్పుకుంటూనే ఏడాది నిషేధం విధించింది. ఆ పందెంలో గెలిచిన 5 దశల గెలుపులూ పోయాయి.

రెండవవాడు డియేగో ఉలిస్సీ, ఇతనూ ఇటలీవాడే. 2014లో అదే జీరో పందెంలో 1920 నానోగ్రాములు వచ్చింది. పంపు పీల్చి అంత అంకె రావచ్చునని ప్రయోగం చేసి చూపబోయాడు కాని కుదరలేదు. 9 నెలల నిషేధం పడింది.

మూడవవాడు అప్పటికే నాలుగుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన బ్రిటిష్ ఆటగాడు క్రిస్ ఫ్రూమ్. 2017 సెప్టెంబరు 7న స్పెయిన్ పందెంలో ఇచ్చిన నమూనాలో 2000 నానోగ్రాములు వచ్చింది. అది హద్దుకు రెట్టింపు. ఆ సంగతి డిసెంబరులో పత్రికల్లోకి పొక్కేదాకా లోకానికి తెలియలేదు. కేసు నడుస్తూండగానే అతను 2018 మేలో జీరో పందెం గెలిచాడు. 2018 జూలై 2న అంతర్జాతీయ సైకిల్ సమాఖ్య కేసు మూసేసింది. 5 రోజుల తరువాత టూర్ డి ఫ్రాన్స్ మొదలైంది. అతను అందులో పాల్గొన్నాడు.

ఇక్కడ తొందరపడి ఒక మాట అనకూడదు. ఫ్రూమ్ తప్పు చేశాడని ఎవరూ రుజువు చేయలేదు. అతన్ని వదలడానికి శాస్త్రీయమైన కారణాలే చూపారు. ఎండలో రోజుకు నాలుగైదు గంటలు తొక్కినవాడి ఒంట్లో నీరు తగ్గిపోతుంది. మూత్రం చిక్కబడుతుంది. మనకూ మే నెలలో నీళ్ళు తాగకపోతే జరిగేది ఇదే. పుచ్చుకున్న మందు అంతే అయినా, చిక్కబడిన మూత్రంలో అంకె పెద్దదిగా కనిపిస్తుంది. ఆ చిక్కదనాన్ని లెక్కలోకి తీసుకుంటే అతని 2000 కాస్తా 1429 అయింది. పైగా పందెంలో ముందున్నవాణ్ణి రోజూ పరీక్షిస్తారు కనుక మిగతా రోజుల అంకెలు కూడా అతని చేతిలో ఉన్నాయి. ఆ అంకెలతో, నిపుణులతో, న్యాయవాదులతో పెద్ద వాదన తయారుచేయగల జట్టు అతని వెనుక ఉంది. అప్పటి జట్లన్నిటిలోకీ అది బాగా కలిగిన జట్టు.

మరి పెటాచ్చి ఎండలో తొక్కలేదా? అతని ఒంట్లో నీరు తగ్గలేదా? తగ్గే ఉంటుంది. కాని ఆనాటి నిబంధనలో ఈ చిక్కదనం సవరణ లేదు. అది 2018లో వచ్చింది. మన భాషలో చెప్పాలంటే, కొత్త జి.ఓ. వచ్చేనాటికి పాతవాడి మీద శిక్ష అమలైపోయింది. పోయిన గెలుపులు తిరిగి రాలేదు.

నా సందేహమంతా ఇక్కడే ఉంది. పరీక్ష అబద్ధమని నేను అనడం లేదు. యంత్రం ఒక అంకె ఇస్తుంది. ఆ అంకెకు అర్థం చెప్పేది మనుషులు. అర్థాన్ని ప్రశ్నించే స్తోమత అందరికీ సమానంగా లేకపోతే, అంకె నిజమైనా న్యాయం మాత్రం సమానంగా ఉండదు.

దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే. దాన్ని దాచడం ధర్మం కాదు. 2006 టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన అమెరికన్ ఫ్లాయిడ్ లాండిస్ నమూనాలో టెస్టోస్టెరాన్ అనే హార్మోను తేడా కనిపించింది. ప్రయోగశాల సరిగా పనిచేయలేదని అతను గట్టిగా పోరాడాడు, జనం దగ్గర విరాళాలు కూడా పోగుచేశాడు. 2007లో ముగ్గురు మధ్యవర్తుల్లో ఇద్దరు అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఆ తీర్పులోనే ఒక పరీక్ష నిబంధనల ప్రకారం జరగలేదని ఒప్పుకుని, రెండవ పరీక్షను ఆధారం చేసుకున్నారు. ఇంత పోరాడిన లాండిసే 2010 మేలో తాను కొన్నేళ్ళుగా నిషిద్ధ మందులు వాడానని చెప్పాడు. విరాళాలిచ్చినవారి మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

అతని ఒకప్పటి జట్టు సహచరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ ఇంకా పెద్దది. 1999 నుంచి 2005 వరకు ఏడుసార్లు టూర్ గెలిచాడు. అన్నేళ్ళూ పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి. చివరకు 2012లో అతని బిరుదులు ఊడింది తోటి ఆటగాళ్ళ సాక్ష్యం వల్ల. 2013 జనవరిలో తానే టెలివిజన్‌లో ఒప్పుకున్నాడు. అంటే పెద్ద తిమింగలం వలలోంచి తప్పించుకుంటుంది, ఉబ్బసం పంపు నాలుగుసార్లు ఎక్కువ నొక్కినవాడు చిక్కుతాడు. కనుక పరీక్షలు ఎత్తేయాలని ఎవరూ అనరు. 1967 జూలై 13న టూర్ డి ఫ్రాన్స్‌లో వెంటూ కొండ ఎక్కుతూ టామ్ సింప్సన్ అనే 29 ఏళ్ళ ఆటగాడు ఉత్తేజక మందుల ప్రభావంలో ఎండకు కూలి ప్రాణం వదిలాడు. పరీక్షలు మొదట ఆటగాళ్ళ ప్రాణం కోసమే, తరువాతే పతకాల కోసం.

ఇక మన దేశానికి వద్దాం. మన ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోనూ సైకిల్ పందాల కోసం వెలోడ్రోం ఉంది. అయితే మన దగ్గర ఇలాంటి కేసులు ఎక్కువగా వినిపించేది బరువులెత్తే పోటీల్లో, పరుగు పందాల్లో, ఈమధ్య క్రికెట్‌లో.

2019 ఫిబ్రవరిలో ఇండోర్‌లో జరిగిన టి-20 పోటీల్లో 19 ఏళ్ళ పృథ్వీ షా నమూనాలో టెర్బుటలిన్ దొరికింది. ఇది సాల్బుటమాల్‌కు దాయాది. మన సందు చివరి మందుల షాపులో అమ్మే కొన్ని దగ్గు సిరప్‌లలో ఉంటుంది. దగ్గు కోసమే తాగానని అతను చెప్పాడు, బోర్డు నమ్మింది. అయినా 8 నెలల నిషేధం వేసి, దాన్ని వెనకటి తేదీ నుంచి లెక్కించింది. పరీక్ష చేయించిందీ, కేసు నడిపిందీ, శిక్ష వేసిందీ క్రికెట్ బోర్డే. ఆరోపించేవాడే తీర్పరిగా కూర్చోరాదని మనం సర్వీసులో చేరిన మొదటి రోజుల్లోనే నేర్చుకున్నాం. ఆ తరువాతి నెల, 2019 ఆగస్టులో, క్రికెట్ బోర్డు జాతీయ సంస్థ అయిన నాడా పరిధిలోకి రావడానికి అంగీకరించింది. మంచిదే. కాని అదే ఆగస్టులో ఢిల్లీలోని జాతీయ పరీక్షా ప్రయోగశాల గుర్తింపును ప్రమాణాలు సరిగా లేవని ప్రపంచ సంస్థ వాడా సస్పెండ్ చేసింది. 2021 డిసెంబరులో గాని తిరిగి ఇవ్వలేదు. ఈలోగా మన ఆటగాళ్ళ నమూనాలు విదేశాలకు వెళ్ళవలసి వచ్చింది.

ఇంకొకటి మణిపూర్‌కు చెందిన వెయిట్‌లిఫ్టర్ సంజితా చాను కేసు. 2018 మేలో ఆమెను సస్పెండ్ చేసిన అంతర్జాతీయ సమాఖ్య ఉత్తరంలో నమూనా నంబరు ఒకచోట ఒకటి, మరొకచోట ఇంకొకటి ఉంది. 2019 జనవరిలో సస్పెన్షన్ ఎత్తేశారు, 2020లో కేసే కొట్టేశారు. ఈలోగా పోయిన పోటీలు పోయినట్టే. ఆ తరువాత వేరే నమూనా మీద 2023లో ఆమెకు 4 ఏళ్ళ నిషేధం పడింది, అది వేరే సంగతి. మొదటి కేసులో నంబర్లు తారుమారయ్యాయన్న నిజం దానివల్ల మారదు. రెండు నంబర్లున్న ఫైలు మన ఆఫీసులో పైకి వెళ్తే ఏం జరిగేదో మీకు చెప్పనక్కరలేదు.

మన పద్ధతితో ఒకసారి పోల్చి చూడండి. రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం విచారణ లేకుండా, చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా సివిల్ ఉద్యోగిని తొలగించడానికి సామాన్యంగా వీల్లేదు. నేరం రుజువు చేయవలసింది శాఖ. సస్పెన్షన్‌లో ఉన్నా జీవనభృతి వస్తుంది. ఆటగాడి విషయంలో శరీరంలో మందు దొరకడమే నేరం. ప్రయోగశాల సరిగానే పనిచేసిందని ముందే అనుకుంటారు. కాదని చూపవలసినవాడు ఆటగాడే. సస్పెన్షన్‌లో భృతి లేదు. ఆట వయసు పదేళ్ళు, అందులో రెండేళ్ళు పోతే మిగిలేది ఏముంటుంది?

ఈ కఠినత్వం కొంతవరకు అవసరమే. లేకపోతే ప్రతివాడూ ఎవరో కలిపారంటాడు. కాని భారమంతా ఆటగాడి మీద పెట్టినప్పుడు, దాన్ని మోయడానికి సాయం కూడా ఏర్పాటు చేయాలి. 2021 నుంచి అమలులో ఉన్న ఆటగాళ్ళ హక్కుల పత్రంలో వాడా ఉచిత న్యాయ సహాయాన్ని పేర్కొన్నది. అయితే తప్పనిసరి హక్కుల్లో కాదు, ఉంటే మంచిదన్న భాగంలో. నన్నడిగితే ముందు మార్చవలసింది అదే. పెద్ద జట్టు ఆటగాడికి దొరికిన నిపుణుడు శ్రీకాకుళం పిల్లకో, ఆదిలాబాద్ పిల్లవాడికో కూడా దొరకాలి.

అది వచ్చేదాకా మనం చేయగలిగింది కొంత ఉంది. మన మనవలు, మనవరాళ్ళు జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో ఆడుతున్నారు. దగ్గు వస్తే మన బీరువాలోని సిరప్ రెండు చెంచాలు పోయకండి. ఆటగాడినని డాక్టరుతో ముందే చెప్పమనండి. చీటీ, బిల్లు, సీసా మీది పేరు భద్రపరచండి. నాడా వారు మందు పేరు సరిచూసుకునే సదుపాయం ఫోన్‌లోనే ఇచ్చారు. నిషిద్ధ మందు వాడక తప్పకపోతే ముందుగానే వైద్య మినహాయింపుకు దరఖాస్తు పెట్టాలి. జిమ్ముల్లో అమ్మే పొడుల డబ్బాల మీద రాసినదంతా నమ్మవద్దు.

ఒకవేళ నోటీసు వస్తే, పిల్లలు సిగ్గుతో దాచేస్తారు, గడువు దాటిపోతుంది. నమూనా రెండు సీసాల్లో పోస్తారు, రెండవ సీసా పరీక్షించమని అడిగే హక్కు ఉంది. ప్రయోగశాల కాగితాలు అడిగే హక్కు ఉంది. నంబర్లు, తేదీలు, సంతకాలు సరిచూడాలి. ఆ పని మనకన్నా బాగా చేయగలవారెవరు? శాఖాపరమైన విచారణల్లో రిటైరైన ఉద్యోగి డిఫెన్స్ అసిస్టెంటుగా కూర్చోవడం మనకు తెలిసినదే. మన సంఘంలో విచారణ ఫైళ్ళు నడిపినవారు, న్యాయశాఖలో పనిచేసినవారు ఉన్నారు. ఇద్దరు ముగ్గురు పేర్లిస్తే, నోటీసు చదివి జవాబు రాసిపెట్టే చిన్న ఏర్పాటు మన కార్యాలయంలోనే చేయవచ్చు. ఈ ప్రతిపాదనను కార్యవర్గం ముందు ఉంచుతున్నాను. నా పేరు మొదట రాసుకోవచ్చు.

 పావుగంట దాటిందేమో, కార్యదర్శిగారు మన్నించాలి. సెలవు.