రెడిట్‌లో తలుపులు మూసిన రోజులు

2023 జూన్ 12న రెడిట్ వెబ్‌సైట్‌లో వేలాది చర్చా బృందాలు నిరసనగా ఒక్కసారిగా తలుపులు మూసుకున్నాయి. మూసింది కంపెనీ కాదు, పైసా జీతం లేకుండా వాటిని నడిపే మోడరేటర్లు.

గొడవంతా ధర దగ్గర మొదలైంది. బయటి యాప్‌లు రెడిట్ సమాచారాన్ని తెచ్చుకునే దారిని ఏపీఐ అంటారు. ఏళ్ల తరబడి అది ఉచితం. రెడిట్ తన ఇప్పటి అధికారిక యాప్‌ను 2016లో గానీ తేలేదు. అంతవరకూ ఫోన్లలో పాఠకుల్ని పోగుచేసింది చాలావరకు ఈ బయటి యాప్‌లే. అలాంటిది, యాప్‌లు సమాచారం కోసం పంపే 5 కోట్ల అభ్యర్థనలకు 12,000 డాలర్లు కట్టమని రెడిట్ చెప్పింది. ఆ బయటి యాప్‌లలో ఒకటైన అపోలో రూపకర్త క్రిస్టియన్ సెలిగ్ లెక్కవేస్తే తన యాప్‌కు ఏడాదికి దాదాపు 2 కోట్ల డాలర్లు తేలింది. గడువు సుమారు నెల రోజులు!

కృత్రిమ మేధ సంస్థలు తమ సమాచారాన్ని ఉచితంగా వాడుకుంటున్నాయన్నది కంపెనీ వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కానీ ఆ భారం చిన్న యాప్‌ల మీద కూడా పడింది.

ఎక్కువగా కలవరపడిన వారిలో చూపులేనివారు ఉన్నారు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో అధికారిక యాప్ సరిగా కలిసేది కాదు. వారికి ఆసరా బయటి యాప్‌లే. విమర్శలు పెరిగాక, అలాంటి కొన్ని లాభాపేక్ష లేని యాప్‌లకు రెడిట్ మినహాయింపు ఇచ్చింది. అది అడగకముందే ఇవ్వాల్సింది.

ధర మాత్రం తగ్గలేదు. జూన్ 30న అపోలో మూతపడింది. ఇవేవీ కంపెనీని ఆపలేదు; 2024 మార్చిలో రెడిట్ షేర్లు న్యూయార్క్ మార్కెట్‌లోకి వచ్చాయి.