పిల్లల ఫిట్స్ రక్త పరీక్షలో తెలుస్తుందా?

(కాటారం మహిళల కోసం ప్రసంగ పాఠం)



పిల్లగాడు ఆడుకుంటూ ఆడుకుంటూ పడిపోతాడు. కళ్లు తేలేస్తాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటాడు. నోట్లో నురగ వస్తుంది. "గాలి సోకింది" అంటుంది ఒకామె. "ఇనుము చేతుల పెట్టుండ్రి" అంటాడు ఒకాయన. "ఉల్లిగడ్డ వాసన చూపియ్యుండ్రి" అని ఇంకొకరు. తల్లికి ఏమీ తోచదు. తాయెత్తు కట్టిస్తుంది. మళ్లీ వస్తే మొక్కు మొక్కుతుంది. ఇట్లా నెలలు గడిచిపోతాయి.

ఇది గాలి కాదు, దయ్యం కాదు. మెదడుకు వచ్చే జబ్బు. మెదడులో సన్నని కరెంటు నడుస్తుంటుంది. అది ఒక్కసారి అదుపు తప్పితే ఫిట్స్ వస్తాయి. మళ్లీ మళ్లీ వస్తుంటే మూర్ఛ జబ్బు అంటారు. ఇది అంటుకోదు. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఉంది. సరైన మందు సరిగ్గా వాడితే 100 మందిలో 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కాటారం నుంచి భూపాలపల్లి మీదుగా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి బిడ్డను తీసుకపోయిన తల్లి ఏమడుగుతుంది? "సారూ, రక్తం తీసి చూడరాదుండ్రి?" అని అడుగుతుంది. మలేరియా రక్తంలో తెలుస్తుంది. షుగర్ తెలుస్తుంది. మరి మూర్ఛ ఎందుకు తెలియదు? అడగవలసిన ప్రశ్నే. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా ఇదే ప్రశ్న పట్టుకొని ఏళ్ల తరబడి వెతుకుతున్నారు.

మెదడుకూ రక్తానికీ నడుమ ఒక కంచె ఉంటుంది. మెదడులోని సరుకు మామూలుగా రక్తంలోకి రాదు. ఫిట్స్ వచ్చినప్పుడు ఆ కంచె కొంచెం వదులవుతుంది. కొన్ని పదార్థాలు రక్తంలోకి కారుతాయి. వాటిని పట్టుకుంటే జబ్బును గుర్తుపట్టవచ్చు అని ఆశ. కానీ చిక్కు ఉంది. తలకు దెబ్బ తగిలినా అవే పెరుగుతాయి. పసిపిల్లల్లో అవి మామూలుగానే ఎక్కువ ఉంటాయి. పొగ చూస్తే పొయ్యి వెలిగిందని తెలుస్తుంది. కూర మాడిందో, గంజి పొంగిందో తెలియదు గదా!

ఇంకొక పరీక్ష ఉంది. తల్లికి పాలు పడేటట్టు చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోను పెద్ద ఫిట్స్ తరువాత రక్తంలో పెరుగుతుంది. వచ్చినవి నిజంగా మూర్ఛ ఫిట్సా, కాదా అని తేల్చడానికి కొన్నిసార్లు అది పనికొస్తుంది. అయితే ఫిట్స్ వచ్చిన 10 నుంచి 20 నిమిషాలలోపే రక్తం తీయాలి. అడవి పక్క ఊరిలో ఆటో దొరికేసరికే ఆ టైం దాటిపోతుంది. పట్నం ఆస్పత్రిలో పడుకున్నవాళ్లకే ఆ పరీక్ష.

2019లో ఐర్లండ్ దేశంలోని డబ్లిన్ నగరం శాస్త్రవేత్తలు ఒక కొత్త సంగతి చెప్పారు. రక్తంలో మూడు రకాల సన్నని తునకలు ఫిట్స్ రాకముందే పెరుగుతున్నాయట. వచ్చిపోయాక తగ్గుతున్నాయట. ఇది నిలబడితే, ఫిట్స్ వచ్చేది ముందే తెలుసుకోవచ్చు. ఆ పరీక్ష ఇంకా మామూలు ఆస్పత్రులకు రాలేదు.

అంటే రక్త పరీక్ష దండుగ అనుకోకండి. జ్వరంతో ఫిట్స్ వస్తే మలేరియా ఉందేమో రక్తంలోనే చూడాలి. పసిపిల్లకు రక్తంలో చక్కెర పడిపోయినా, కాల్షియం తగ్గినా ఫిట్స్ వస్తాయి. అది తెలిస్తే వెంటనే సరిచేయవచ్చు.

ఒక జబ్బు సంగతి వినండి. దాని పేరు బయోటినిడేజ్ లోపం. 1983లో అమెరికాలో బారీ వుల్ఫ్ అనే డాక్టరు కనిపెట్టాడు. బయోటిన్ అనే విటమిన్‌ను ఈ పిల్లల ఒళ్లు దక్కించుకోలేదు. కొన్ని నెలల వయసులో ఫిట్స్ మొదలవుతాయి. వెంట్రుకలు రాలిపోతాయి. చర్మం మీద పొక్కులు వస్తాయి. రక్తం చూస్తే జబ్బు దొరుకుతుంది. మందు? ఆ విటమినే. రోజూ, జీవితాంతం వేయాలి. చాలామంది పిల్లల్లో కొద్ది రోజుల్లోనే ఫిట్స్ ఆగిపోతాయి. ఆలస్యమైతే పోయిన చెవులు, పోయిన చూపు మాత్రం తిరిగి రాకపోవచ్చు.

హైదరాబాదులో నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో 18,300 మంది పసికందుల రక్తం పరీక్షించారు. పుట్టుకతో వచ్చే ఇలాంటి లోపాలనే వెతికారు. మడమ మీద చిన్న సూదిపోటు పొడిచి తీసే చుక్కలు చాలు ఇలాంటి పరీక్షకు. డాక్టర్ ఎ. రాధా రమాదేవి, ఎస్.ఎం. నౌషాద్ 2004లో ఆ లెక్క అచ్చు వేశారు. ప్రతి వెయ్యి మందిలో ఒకరికి ఇలాంటి లోపం కనిపించింది. అందరికీ ఫిట్స్ వచ్చే లోపం కాదు గాని, ఆ సంఖ్య చిన్నది కాదు.

మేనరికాల్లో ఇవి ఎక్కువ. తల్లిలో సగం లోపం, తండ్రిలో సగం లోపం దాగి ఉంటాయి. వాళ్లకు ఏ జబ్బూ ఉండదు. రెండూ కలిస్తే బిడ్డకు వస్తుంది. ప్రతి కాన్పులో నాలుగింట ఒక పాలు అవకాశం. కోడలి తప్పు అని తిట్టే అత్తలు ఈ మాట రెండుసార్లు చదవాలి.

ఫిట్స్ వచ్చినప్పుడు బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టవద్దు, నీళ్లు పోయవద్దు. కాళ్లూ చేతులూ గట్టిగా అదిమి పట్టవద్దు. 5 నిమిషాలకు ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. డాక్టరు ఇచ్చిన గోలీలు సొంతంగా ఆపవద్దు. ఒక్కసారి ఆపితే పెద్ద ఫిట్స్ వస్తాయి.

ఇప్పటికైతే డాక్టరు తేల్చేది మూడు దారులలో. మెదడు కరెంటు గీతలు తీసే ఈఈజీ ఒకటి. స్కానింగ్ ఒకటి. అన్నిటికన్నా ముందుది, చూసినవాళ్లు చెప్పే మాట. ఆ మాట తల్లి దగ్గరే ఉంటుంది. ఎవరన్నా సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తే మరీ మంచిది. లేకుంటే పలక, బలపం పట్టిన చేతితోనే ఒక నోటుబుక్కులో రాయండి. తప్పులు వచ్చినా డాక్టరు చదువుకుంటాడు. ఇట్లా రాస్తే చాలు:

"సోమవారం. పొద్దున 6 గంటలు. నిద్ర లేచినంక. మొదలు కుడి చెయ్యి కొట్టుకుంది. తరువాత ఒళ్లంతా. 3 నిమిషాలు. జ్వరం లేదు. నిన్న రాత్రి గోలీ వేయలేదు."