తాళముచెవియు లెక్కపుస్తకమును

(మదనపల్లెలో మందుల యంగళ్లవారును, వైద్యులును, నర్సులును కూడిన సభలో గావించిన యుపన్యాసము)



మందు లమ్మువానికి ఇన్ని నిబంధనలెందుకు, అతని మనస్సాక్షి చాలదా యని కొందరడుగుచుందురు. చింతపండు చెడినచో కొన్నవానికి ఆ పూటనే తెలియును; మఱునాడు తెచ్చి అంగడివాని మొగము మీదనే పారవేయును. మందుల యంగడిలో నట్లు గాదు. మాత్రను జూచినంతమాత్రమున దాని గుణ మిచ్చువానికిని తెలియదు, పుచ్చుకొనువానికిని తెలియదు. కొన్ని మందుల చెఱుపు నెలలు గడచినపిమ్మట గాని బయటపడదు. అప్పటికి ఎవడు వ్రాసెనో, ఎవ డమ్మెనో, ఎన్ని మాత్ర లిచ్చెనో చెప్పగలవా డుండడు. కావున ఈ వృత్తికి డాక్టరు వ్రాసిన చీటీయు, అంగడివాడు వ్రాసిన పద్దును రెండు కన్నులు. ఆ పద్దును గూర్చియే నేడు మనవి చేయదలచితిని. అది సోదాకు వచ్చు అధికారి కొఱకు వ్రాయునది కాదనియు, రోగి కొఱకు వ్రాయునదనియు నా వాదము.

ఈ మాట చెప్పుటకు మదనపల్లెకంటె తగిన తావు లేదు. ఊరికి చేరువనున్న ఆరోగ్యవరము 1912వ సంవత్సరమున క్షయరోగుల కొఱకు క్రైస్తవ మిషనులు పెక్కు కలిసి స్థాపించిన యాశ్రమము. డెన్మార్కు దేశస్థుడగు డాక్టరు ఫ్రిమోట్ మోల్లరు దాని తొలినాళ్ల పెద్ద. అప్పటికి క్షయకు మందన్నది లేదు. గాలి, వెలుతురు, విశ్రాంతి, పాలు, గ్రుడ్లు. వీనిని గడియారము చొప్పున నడపు కట్టుబాటే ఆనాటి చికిత్స. 1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడినది. లోకమంతయు పండుగ చేసికొనెను. కాని ఇంగ్లండులో 1947, 48లలో జరిపిన పరీక్షలలోనే ఒక చేదు నిజము కనబడెను: ఆ మందొక్కటే యిచ్చిన రోగులలో పెక్కుమంది మొదట కోలుకొని, పిమ్మట మరల దిగజారిరి. వారి ఊపిరితిత్తులలోని క్రిములు మందునకు లొంగకుండుట నేర్చినవి. రెండు మూడు మందులు కలిపి, విడువక, నిర్ణీతకాలము వాడిననే జబ్బు తెగునని వైద్యలోకము గ్రహించుటకు మఱి కొన్నియేండ్లు పట్టెను.

ఆపై జరిగినది మన ప్రాంతపు చరిత్ర. 1956లో మదరాసున క్షయచికిత్సా పరిశోధన కేంద్ర మేర్పడెను. అచ్చట రోగులను రెండు తెగలుగా చేసి, ఒక తెగను శానిటోరియములో నుంచియు, ఒక తెగను బీదల వాడలలోని తమ యిండ్లలోనే యుంచియు, ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చి చూచిరి. ఇరుకు కొంపలలో, చాలీచాలని తిండితో నున్నవారును మంచి పడకలపై నున్నవారికి దీటుగానే కోలుకొనిరని 1959లో ఫలితము వెల్లడి యయ్యెను. లోకమున క్షయచికిత్స త్రోవయే దానితో మాఱెను. మన మదనపల్లె చుట్టుపట్ల పల్లెలలోను ఆరోగ్యవరమువారు 1950 నుండి 55 దాక ఇల్లిల్లు తిరిగి, క్షయ ఎంత మందికి గలదో, ఏ రీతిని వ్యాపించుచున్నదో లెక్కగట్టిరి. రోగి ఆసుపత్రికి వచ్చువఱకు వేచియుండక, పల్లెకు పోయి పేరు వ్రాసికొను పద్ధతి యిది.

దీని యర్థ మేమి? శానిటోరియములో మందునకు కాపలా యుండెను. నర్సు దగ్గర నిలిచి మ్రింగించెడిది. మానినచో చీటీమీద గుర్తు పడెడిది. మందు గోడ దాటి యింటికి వచ్చినప్పుడు ఆ కాపలా ఎవరి చేతికి వచ్చెను? కొంత ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తల చేతికి. కొంత మన చేతికి. ఈ సంగతి మన వృత్తివారు చాలకాలము గుర్తింపలేదు. దగ్గునకు ఒక మందు, జ్వరమునకు ఒక మందు అని నాలుగేసి మాత్రలు విడిగా కత్తిరించి యిచ్చు నలవాటు సాగెను.

ఇప్పుడు నిబంధనకు వత్తము. 1940 నాటి ఔషధముల చట్టము క్రింద 1945లో చేసిన నియమములలో కొన్ని షెడ్యూళ్లు కలవు. షెడ్యూలు 'హెచ్'లోని మందులు చీటీ లేనిదే అమ్మరాదు. ఈ మాట అట్టపెట్టె మీద అచ్చయి యుండగనే అమ్మకములు యథేచ్ఛగా జరుగుచుండెను గనుక, 2013లో 'హెచ్-1' అను క్రొత్త షెడ్యూలు చేర్చి, 2014 మార్చి 1వ తేదీనుండి అమలు పఱచిరి. దాని క్రింది మందులకు ఎఱ్ఱని గీతల పెట్టెలో హెచ్చరిక యుండును. అమ్మినప్పుడు వేరే రిజిష్టరులో చీటీ వ్రాసిన డాక్టరు పేరు, విలాసము, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణము వ్రాయవలయును. ఆ రిజిష్టరును మూడేండ్లు భద్రపఱుపవలయును. 'ఎక్సు' షెడ్యూలు దీనికంటె కఠినము: ప్రత్యేకపు లైసెన్సు కావలయును, సరకు తాళమువేసిన బీరువాలో నుండవలయును, చీటీ రెండు ప్రతులుగా నుండి ఒకటి రెండేండ్లు అంగడిలో నిలువవలయును.

ఆ హెచ్-1 పట్టికను ఒకసారి నిదానముగ చదువుడు. ఇసోనియాజిడు, రిఫాంపిసిను, ఇథాంబ్యుటాలు, పైరజినమైడు అను క్షయ మందులును, ఆల్ప్రజోలాము, డయాజిపాము, జోల్పిడెము అను నిద్రమాత్రలును ఒకే పట్టికలో నున్నవి. ఇదేమి పొత్తని తోచును. ఆలోచించిన తెలియును. ఒకటి మనిషిని మందునకు అలవాటు చేయును. ఒకటి క్రిమిని మందునకు అలవాటు చేయును. మొదటి దానిలో చెడునది ఒక కుటుంబము. రెండవదానిలో మొండికెత్తిన క్రిమి దగ్గు వెంబడి ఇంటినుండి ఇంటికి పోవును. నిద్రమాత్ర యనగానే జడియు అంగడివాడు క్షయమాత్రను ధైర్యముగ నిచ్చివేయుట నే నెఱుగుదును. నా తీర్పున రెండవదే పెద్ద తప్పు. 2012 మే నెలనుండి క్షయ తెలియజేయదగిన వ్యాధి. 2018లో వచ్చిన యుత్తరువు చొప్పున క్షయ మందులమ్మిన యంగడివారును రోగి వివరము సర్కారువారికి తెలుపవలసియున్నది. అట్లు తెలిపినచో, ఉచితముగ దొరకు మందును డబ్బిచ్చి సగము కొని సగము మానుచున్న బీదవానికి ఆరునెలల పూర్తి చికిత్స చేతికందును. ఒక్క పద్దు చేయు నుపకార మిది.

నిద్రమాత్రల గతియు చెప్పవలయును. తెలంగాణమున కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, ఆల్ప్రజోలాము కలుపు దుర్మార్గ మేనాటినుండియో కలదు. 2015 సెప్టెంబరులో సర్కారువారు కల్తీ కల్లును బిగించినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో కూలినాలి జనము వణకుచు, పిచ్చిచూపులు చూచుచు ఆసుపత్రులకు వఱదవలె వచ్చిరి. వారిలో అనేకులకు తాము త్రాగినది కల్లుగాక మందు అని తెలియనే తెలియదు. ఆల్ప్రజోలామును అలవాటుపడినవాడు ఒక్కసారిగ మానినచో మూర్ఛలు వచ్చును. 2025 జూలైలో హైదరాబాదు కూకటపల్లిలో మరల కల్తీ కల్లు త్రాగి జనులు చనిపోయిరి. అయితే ఒక న్యాయమైన మాట. ఆ కల్లు కుండలలోని పొడి మన యంగళ్లలోని పదేసి మాత్రల రేకులనుండి వచ్చినది కాదు. దొంగచాటుగ మందుపొడి వండు కార్ఖానాలనుండి బస్తాల లెక్కను వచ్చునది. చిన్న యంగడివానిని దండించి పత్రికలలో బొమ్మ వేయించుట సుళువు. కార్ఖానా గడప త్రొక్కుట కష్టము. రెండును జరుగనిదే న్యాయము కాదు.

అట్లని మన తప్పు లేకపోలేదు. 2025 మార్చిలో మన రాష్ట్రమున ఈగల్ దళమువారు, ఔషధ నియంత్రణశాఖవారు కలిసి ఒకే దినమున పెక్కు మందుల యంగళ్లను సోదా చేసినప్పుడు మన వృత్తివారిలో పుట్టిన అలజడిని తలచుకొనుడు. లెక్క సరిగా నున్నవానికి అలజడి యేల? 1948 నాటి ఫార్మసీ చట్టము చొప్పున మందు తీసి యిచ్చువాడు రిజిష్టరయిన ఫార్మసిస్టు కావలయును. మన సీమలో గోడకు వ్రేలాడు సర్టిఫికెట్టు ఒకరిది, మందిచ్చు చేయి మఱొకరిది కాని యంగళ్లెన్ని? ఆ కుఱ్ఱవాని నేమనగలము? అతడు పెట్టె రంగు జూచి మందు నెఱుగును. డాక్టరుల పాలును కలదు. తేదీ లేక, పరిమాణము లేక, చీమలు ప్రాకినట్లు వ్రాసి, ఒకే చీటీమీద ఆరునెలలు కొనుమని నోటిమాటగ చెప్పి పంపువా రున్నారు. చీటీ మీద మరల ఇయ్యవచ్చునని వ్రాయనిదే రెండవమారు ఇయ్యరాదని నియమము. ఇచ్చిన యంగడివాడు ఆ చీటీ పైననే తన పేరు, తేదీ వేయవలయును. ఈ యొక్క ముద్ర పడినచో, ఉదయము మదనపల్లెలోను, మధ్యాహ్నము పుంగనూరులోను, సాయంకాలము పలమనేరులోను ఒకే చీటీ తిరుగదు.

పుంగనూరునుండి ఒక యవ్వ వచ్చినదనుకొనుడు. "నాయనా, కంటికి కునుకు లేదు, నాలుగు మాత్రలియ్యి, పుణ్యముంటాది" అనును. లేదనుట కష్టమే. "అవ్వా, చీటీ ఏది?" అనినంతనే ఆమెకు కోపము వచ్చును, ప్రక్క యంగడికి పోవును, అచ్చట నిచ్చెదరు. మంచివాడు నష్టపడి లోకువవాడు లాభపడు ఈ స్థితి యున్నంతకాలము నియమము కాగితమే. కావున ఇది ఒక్కొక్కరి నిష్ఠతో తీరునది కాదు. ఊరి యంగళ్లవారందఱు ఒక్కమాట మీద నిలువవలసినది. అవ్వను వట్టిచేతులతో పంపుట కూడ ధర్మము గాదు. ఆమెకు నిద్ర పట్టకపోవుట మోకాళ్లనొప్పుల వలననో, ఇంటిలోని దుఃఖము వలననో. ఏ డాక్టరువద్దకు పోవలయునో చెప్పి, బస్సు త్రోవ చెప్పి పంపవలయును.

ఇంతవఱకు బిగింపును గూర్చి చెప్పితిని. బిగింపు మితిమీఱినచో నేమగునో చెప్పకున్న నా మాట సగమే యగును.

నల్లమందు చరిత్ర మీ రెఱిగినదే. కుంపిణీవారు దానిని ఖజానా కొఱకు పండించి, చీనాదేశమున కమ్మి, యుద్ధములు చేసిరి. ఆనాటి చట్టము లన్నియు జనుల యారోగ్యము కొఱకు గాక, గుత్తసొమ్ము జాఱకుండుటకై పుట్టినవి. 1930లో ప్రమాదకర ఔషధముల చట్టము వచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1985లో మాదకద్రవ్యముల చట్టమును మనమే చేసికొంటిమి. దొంగవర్తకము నణచుట దాని సంకల్పము, తప్పు పట్టరాదు. కాని శిక్షలు మిక్కిలి కఠినములు, లైసెన్సులు అనేకములు, ఒక్కొక్కటి ఒక్కొక్క శాఖ చేతిలోనివి. ఒకటి చేతికి వచ్చునప్పటికి మఱొకటి గడువు మీఱుచుండెను. ఫలితముగ ఆసుపత్రులవారు మార్ఫిను నుంచుటయే మానిరి. 1985 తరువాతి పండ్రెండేండ్లలో దేశమున వైద్యమునకై వాడిన మార్ఫిను నూటికి తొంబదిపాళ్లకు మించి తగ్గిపోయెను. మధ్యప్రదేశములోను, రాజస్థానములోను లైసెన్సు మీద గసగసాల చేలు పండుచున్నవి. ఆ నల్లమందు విదేశముల మందుల కార్ఖానాలకు పోవుచున్నది. ఇచ్చట పుట్టగొంతుతో, ఎముకల పుండుతో మనవాడు రాత్రియంతయు అఱచుచున్నాడు. పరపాలనలో మన సంపద పరుల పాలయ్యెనని వాపోయినవారము, ఈ యన్యాయమును ముప్పదియేండ్లు ఓర్చితిమి.

2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించెను. మార్ఫిను, ఫెంటనిలు, మెథడోను మొదలగు ఆఱు మందులను అత్యవసర మాదక ఔషధములుగా గుర్తించి, పెక్కు లైసెన్సుల జంజాటము తీసివేసిరి. రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి యొక్కడే ఒక ఆసుపత్రిని గుర్తింపుపొందిన వైద్యసంస్థగా ఒప్పుకొనినచో చాలును. అచ్చట శిక్షణ పొందిన డాక్టరుండవలయును, సరకునకు తాళముండవలయును, చుక్క చుక్కకు లెక్క యుండవలయును. చూచితిరా, మరల ఆ లెక్కపుస్తకమే! ఇచ్చుటకు వీలు కల్పించినదియు నదియే. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో రోగి బాధను తీర్చు ప్రత్యేక విభాగము నడచుచున్నది. మార్ఫిను వాడుటవలన రోగులందఱు వ్యసనపరులగుదురను భయము వట్టిదని, లెక్కతో నిచ్చిన మందు బాధను మాత్రమే తీసివేయునని అట్టిచోట్ల పనిచేయువా రెఱుగుదురు.

మన సంగతి యేమి? మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతపు క్యాన్సరు రోగి వేలూరికో, బెంగుళూరికో, తిరుపతికో పోవును. అచ్చట చేయదగినది చేసి, ఇక ఇంటికి తీసికొనిపొండని చెప్పుదురు. ఇచ్చిన మాత్రలు పదునైదు దినములకో, నెలకో అయిపోవును. అటుపై కుమారుడు కూలి మానుకొని బస్సెక్కి మరల అంత దూరము పోవలయును. పోలేనివాడు మన యంగడి మెట్లెక్కి, నొప్పికేదైన నిమ్మని చేతులు పట్టుకొనును. మన మిచ్చునది పారాసెటమాలు. నియమమును పాటించితిమని మన మనస్సు శాంతించునా?

కావున నే నడుగునది రెండు పనులు. మన సీమలోని పెద్ద యాసుపత్రులవారు, ఇదివఱకే యా గుర్తింపు లేనిచో, దానికై దరఖాస్తు పెట్టవలయును. డాక్టర్లలో నొకరిద్దఱు శిక్షణకు పోవలయును. యంగళ్లవారు ఏ యాసుపత్రిలో మార్ఫిను దొరకునో కనుగొని, ఆ పేరు గోడమీద పెద్ద యక్షరములతో వ్రాసి యుంచవలయును. క్షయ మందులు ఉచితముగ నిచ్చు తావును దాని ప్రక్కనే వ్రాయుడు.

హెచ్-1 రిజిష్టరు గీసిన నమూనా యొకటి తెచ్చి ఆ బల్లమీద నుంచితిని. గడులు నింపుటలో సందేహ మున్నవారు దానిని జూచి యడుగవచ్చును; చీఁకటి పడువఱకు నిచ్చటనే యుందును.