పాఠం అందరిదీ, వంతు ఎవరిది?



ప్రభుత్వం అచ్చువేసిన మీ అమ్మాయి పాఠ్యపుస్తకం ఒకసారి చేతిలోకి తీసుకోండి. పాఠం దగ్గర నల్లని గళ్ళతో ముగ్గులాంటి చిన్న చదరం కనిపిస్తుంది. అదే క్యూఆర్ కోడ్. ఏదో ధర గుర్తు కాబోలనుకుని అట్టవేసి ఊరుకునే తల్లులు చాలామంది. సెల్‌ఫోనులో ‘దీక్షా’ యాప్ తెరిచి ఆ చదరానికి ఎదురుగా పట్టుకుంటే, ఆ పాఠం తాలూకు వీడియోలు, అభ్యాసాలు వస్తాయి.

ఈ దీక్షా 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు మొదలైంది. ప్రారంభించినది అప్పటి ఉపరాష్ట్రపతి, మన వెంకయ్యనాయుడు గారే. ఇందులో నాకు బాగా నచ్చినది బోర్డుల పొత్తు. మన దేశంలో రాష్ట్రానికొక బోర్డు, ఎవరి సిలబస్సు వారిది, ఎవరి పుస్తకాలు వారివి. పైన సీబీఎస్‌ఈ వేరే. అంటే ఎవరి పొయ్యి వారిదే. అలాంటివాళ్ళు ఎన్‌సీఈఆర్‌టీ ఆధ్వర్యాన ఒకేచోట పాఠాలు ఉంచుతున్నారు. ఒక రాష్ట్రం తయారుచేసిన పాఠాన్ని ఇంకొకరు తీసుకుని తమ భాషలోకి మార్చుకోవచ్చు. ఆకు ఎండలో ఆహారం తయారుచేసుకునే తీరు ఆదిలాబాదులో ఒకటీ, అస్సాంలో ఒకటీ కాదు గదా! ప్రతి బోర్డూ మళ్ళీ డబ్బుపోసి ఆ బొమ్మలే గీయించడమెందుకు? మాతృభాషా వాచకం, ప్రాంతపు చరిత్ర మాత్రం ఎవరివి వారివే. అవి అలా ఉండవలసినవే కూడాను.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాక దీని అవసరం తెలిసివచ్చింది. ఆ మే నెలలో కేంద్రం ‘పీఎం ఈ-విద్య’ ప్రకటించి, ఒకటి నుంచి పన్నెండు దాకా తరగతికొక టీవీ చానల్ పెట్టింది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి యాదగిరి, టీ-శాట్ చానళ్ళలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరిలోనూ పాఠాలు చెప్పారు.

బోర్డుల సంగతి ఇంతే. ఇక మన ఇళ్ళ సంగతి. ఇంట్లో మంచి ఫోను ఒకటే ఉందనుకోండి. పొద్దున్నే అయ్యగారితో ఆఫీసుకు వెళ్ళి, రాత్రికి తిరిగొస్తుంది. రాగానే అబ్బాయి “నాకు పరీక్షలమ్మా” అని లాక్కుంటాడు. అమ్మాయి అడగదు. గిన్నెలు సర్దుతూ, “తర్వాత చూస్తాలే” అంటుంది. ఆ తర్వాత ఎప్పుడూ రాదు. అడగలేదు గనుక అక్కర్లేదని మనమే తీర్మానించేస్తాం. ఇన్ని రాష్ట్రాలవాళ్ళు కూడి చేసిన పాఠం మన ఇంటిదాకా వచ్చి, వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. బోర్డులు ఎన్ని పొత్తులు కలిసినా ఈ గుమ్మం దాటించలేవు.

అందుకని ఇంట్లో వంతులు పెట్టండి, అమ్మాయి వంతు ముందు పెట్టండి. ఆ గంటసేపూ ఆమెకు పని చెప్పకండి. ఉప్పుడబ్బా అందుకోమని కూడా పిలవకండి. దీక్షాలో పాఠం ఒకసారి డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేనప్పుడు కూడా చూసుకోవచ్చు, డేటా ఖర్చు కలిసివస్తుంది. ఫోను అసలు దొరకని ఇంట్లో టీవీయే గతి. ఈ-విద్య చానళ్ళు డీడీ ఫ్రీడిష్‌లోనూ వస్తాయి, నెలనెలా చందా కట్టక్కర్లేదు. పాఠాలు మళ్ళీ మళ్ళీ వేస్తారు గనుక మన సీరియల్‌కు అడ్డం రాని వేళ చూసుకోవచ్చు. అడ్డం వస్తే ఏది ఆపాలో మీకు నేను చెప్పాలా?

పాఠం అయ్యాక ఏం చెప్పారో ఆమె చేత చెప్పించుకోండి. మనకు తెలియకపోయినా ఫరవాలేదు, వింటే చాలు. అర్థంకాని చోటు కాగితం మీద రాయించి, మర్నాడు బడిలో టీచరుగారికి చూపించమనండి.