చెరువులో ఎర్ర గుంపు కనిపిస్తే గాలం వేయకండి

తొలకరి పడగానే మన గుంటూరు, ప్రకాశం ఊళ్లలో పత్తి విత్తనాలు, మిర్చి నారు గురించే మాటలు. అదే వానకి చెరువులో చేపలు కూడా కదులుతాయి. ఈరోజు ఆ సంగతి చూద్దాం.

కంభం చెరువు తెలుసు కదా? గుండ్లకమ్మకి అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువు. 2020లో అంతర్జాతీయ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఇలాంటి చెరువుల్లో బొచ్చె, రోహు బాగా పెరుగుతాయి. కానీ నిలవ నీళ్లలో మామూలుగా గుడ్లు పెట్టవు. వాటికి వరద నీరు, పారే ఏరు కావాలి. అందుకే హేచరీ నుంచి పిల్లల్ని తెచ్చి వదులుతారు. దీనికి దారి చూపింది హీరాలాల్ చౌధురి. 1957 జులై 10న ఒడిశాలో పీయూష గ్రంథి రసం ఇంజక్షన్ ఇచ్చి చేపలతో గుడ్లు పెట్టించారు. ఇప్పుడు జులై 10 జాతీయ మత్స్య రైతుల దినోత్సవం.

కొర్రమేను లెక్క వేరే. ఎండాకాలం నీళ్లు తగ్గితే లోతు గుంటల్లోకి, బురదలోకి దిగుతుంది. గాలి పీల్చగలదు కాబట్టి తట్టుకుంటుంది. వానలు పడ్డాక ఒడ్డున గడ్డి ఉన్న లోతు తక్కువ నీళ్లలోకి వచ్చి గుడ్లు పెడుతుంది. గుడ్లు పైన తేలతాయి. పొదిగాక పిల్లలు ఎర్రగా, ఒకే గుంపుగా తిరుగుతాయి. కింద తల్లీ తండ్రీ కాపలా.

పెద్ద సరస్సుల్లో చేపలు ఎటు పోతున్నాయో తెలుసుకోవాలంటే సైంటిస్టులు వాటి కడుపులో చిన్న ట్రాన్స్‌మిటర్ పెడతారు. ఇక్కడ అదేం అక్కర్లేదు. ఆ ఎర్ర గుంపే సిగ్నల్.

సమస్య కూడా అక్కడే. ఆ గుంపు మధ్యలో గాలం పడితే పిల్లల్ని కాపాడుకోవడానికి పెద్ద చేప దాని మీదికి దూకుతుంది, దొరికిపోతుంది. కాపలా పోయాక పిల్లల్ని మిగతా చేపలు, కొంగలు తినేస్తాయి. మనకి దక్కేది ఒక్క పూట కూర. చెరువుకి పోయేది వందల పిల్లలు.

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపుతారు. మన కొర్రమేను గుడ్లు పెట్టేది ఆ తర్వాత, వానల్లో. ఇక్కడ ఆగాల్సింది మనమే. ఓ నెల ఆగితే పిల్లలు విడిపోయి సొంతంగా బతుకుతాయి.

ఎర్ర గుంపు కనిపిస్తే వీడియో తీయండి, తేదీ రాసి పెట్టుకోండి. మూడు నాలుగేళ్లు రాస్తే మీ చెరువు క్యాలెండర్ మీ చేతిలో ఉంటుంది. రీల్ పెట్టినా లొకేషన్ మాత్రం పెట్టకండి, చూసేవాళ్లలో గాలం ఉన్నవాళ్లూ ఉంటారు. మీ ఊళ్లో ఈ గుంపు ఏ నెలలో కనిపిస్తుందో కామెంట్‌లో చెప్పండి.